సుజన చదువు, చిన్నాయన మాట

జూలై మాసం, మొదటి ఆదివారం ఉదయం. ఆదోనిలో మా ఇంటి ముందు హాలు. హాజరైనవారు: నా కొడుకు రఘు, కోడలు లలిత, మనవరాలు సుజన, మా చిన్నాయన నాగప్ప, రఘు స్నేహితుడు బసన్న, నేను. విషయం: సుజన పైచదువు ఏ ఊళ్ళో చదవాలన్నది.

ఆ రోజు నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఆదోని టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసినన్నాళ్ళూ డ్యూటీ ఎక్కగానే తేదీ వేసి, షిఫ్టులో ఎవరెవరున్నారో రాసి, ఆ తర్వాతే చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకునేదాన్ని. రిటైరయ్యాక ఉద్యోగం పోయింది గానీ ఆ వరస పోలేదు. ఇంట్లో నలుగురు కూర్చుంటే చాలు, ఎవరెవరు కూర్చున్నారో రాసుకుంటాను. లలిత దీన్ని చూసి "అత్త హాజరు వేస్తాంది, అందరూ పలకండి" అని నవ్వుతుంది.

సుజన చదివేది స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ. వయసొచ్చినా మాట రాని పిల్లలకు, నత్తి ఉన్నవాళ్ళకు, పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళకు, చివరికి మెతుకు మింగలేకపోయేవాళ్ళకు కూడా చికిత్స చేసే చదువు అది. డిగ్రీ అయిపోయింది. దాని మీద రెండేళ్ళ చదువుకు రెండు చోట్ల సీటు వచ్చింది, ఒకటి హైదరాబాదులో, ఒకటి మంగళూరులో. సోమవారం మధ్యాహ్నంలోగా ఏదో ఒకదానికి 'వస్తున్నాను' అని చెప్పాలి. చెప్పకపోతే రెండూ పోతాయి. అందుకే ఆదివారం పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేయించి రఘు అందరినీ కూర్చోబెట్టాడు.

"హైదరాబాదే," అన్నాడు రఘు, బజ్జీ తుంచుతూ. "రాత్రి బస్సెక్కితే పొద్దునకల్లా ఆడుంటాం. మంచి ఆసుపత్రి. కొత్త మిషన్లు. సదువైపోయినాంక ఈడ మెయిన్ రోడ్డులో క్లినిక్కు పెట్టొచ్చు."

"హైదరాబాదు గాదు మంగళూరు గాదు రఘన్నా, బెంగుళూరు పంపు," అన్నాడు బసన్న. ఆయనకు మార్కెట్ యార్డులో పత్తి వ్యాపారం. మాట్లాడేటప్పుడు కూడా దూది చూసినట్టు బొటనవేలూ చూపుడువేలూ రుద్దుతూ ఉంటాడు. "మా మేనల్లుడు ఆడే ఉండాడు."

"బెంగుళూరులో సీటు రాలే బసన్నా."

"రాకపోతే తెప్పిస్తాంలే!"

లలిత కలగజేసుకుంది. "మంగళూరులో వానలంట, ఆర్నెల్లు బట్టలారవంట. దీనికి సల్లగాలి పడదు."

"నాకు..." అంది సుజన.

"దీనికి గూడ హైదరాబాదే ఇష్టం," అని రఘు పూర్తి చేశాడు. "తెలుగువాళ్ళుంటారు, భాష ఇబ్బంది ఉండదు, అంతే గదమ్మా?"

సుజన నోరు మూసుకుంది. కిటికీ పక్కన కుర్చీలో చిన్నాయన తువ్వాలు అంచు కుచ్చులు పేనుకుంటూ కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఎనభై దగ్గరపడుతోంది. సుజన వైపు ఒకసారి చూసి మళ్ళీ కుచ్చుల మీదికి దృష్టి తిప్పాడు. ఆ చూపు నాకు తెలుసు. నోట్లో సగం మాట ఉండగానే మిగతా సగం ఇంకొకరు చెప్పేస్తే మనిషి ఎలా కూర్చుంటాడో, నా చిన్నతనమంతా ఎమ్మిగనూరులో ఆయన్ను చూసే తెలుసుకున్నాను.

ఎమ్మిగనూరులో మా ఇల్లు మగ్గాల వీధిలో ఉండేది. ఇల్లంటే ముందు గదిలో రెండు గుంట మగ్గాలు, వెనక గదిలో మనుషులు. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్ళు దించి, గట్టు మీద కూర్చుని నేసే మగ్గాలవి. ఒకటి మా నాయనది, రెండోది చిన్నాయనది. పొద్దు పొడిచేసరికి వీధి పొడవునా పడుగు దారాలు సాచి గంజి పట్టించేవాళ్ళు. పులిసిన గంజి వాసన, తడిసిన నూలు వాసన, దాని వెనకే ఎవరింట్లోనో జొన్నరొట్టె కాలుతున్న వాసన. ఈ మూడూ కలిస్తేనే నాకు తెల్లవారినట్టు. ఇప్పటికీ ఎక్కడైనా గంజి వాసన తగిలితే ఆకలవుతుంది. ఆడవాళ్ళకు వంట ఒక పనీ, రాట్నం దగ్గర కండెలు చుట్టడం ఒక పనీ. అన్నం ఉడికేలోపు కండెలు, కూర దించాక కండెలు. వేలెడంత కడ్డీకి నూలు చుట్టి కండె చేస్తే, మగవాళ్ళు దాన్ని నాడెలో పెట్టి పడుగు మధ్యలోంచి ఇటూ అటూ విసిరి నేస్తారు. మా తాత నేత మానేసి, నేసిన గుడ్డను కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి తప్పులు పట్టేవాడు. మా జేజి, అంటే మా నాయనమ్మ, ముక్కుపొడుం డబ్బీ నడుముకు దోపుకుని ఇంటినంతా ఒక్క గొంతుతో నడిపేది.

చిన్నాయనకు నత్తి. ముఖ్యంగా తన పేరు దగ్గర మాట ఆగేది. నోరు తెరుచుకునేది, మెడ నరాలు బిగుసుకునేవి, కన్ను ఒకటి సగం మూసుకునేది, మాట మాత్రం వచ్చేది కాదు. చిన్నప్పుడు వసకొమ్ము అరగదీసి నాలుక మీద రాశారట. గులకరాళ్ళు బుగ్గన పెట్టించారట. దేవరగట్టు దేవుడికి మొక్కుకున్నారట. ఏదీ పని చెయ్యలేదు. చివరికి ఇంటిల్లిపాదీ ఒక ఉపాయానికి అలవాటుపడ్డారు. ఆయన మాట ఆగగానే మేమంతా తలొక మాట అందించేవాళ్ళం. "నీళ్ళా?" "నూలా?" "నాయన్ను పిలవాల్నా?" ఆయనకు కావలసింది ఏదైనా, వాటిలో దగ్గరగా ఉన్నదానికి తల ఊపి ఊరుకునేవాడు. ఒకసారి నిమ్మకాయ ఊరగాయ అడగబోయి, మేము అందించిన నీళ్ళు తాగి లేచిపోయాడని జేజి చాలా ఏళ్ళు చెప్పుకుని నవ్వింది. ఆయన కూడా నవ్వేవాడు. అందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. దారిన పోయేవాడు తూలితే చెయ్యి పట్టుకున్నట్టే అనుకునేవాళ్ళం.

అయితే ఆ మనిషే మగ్గంలోకి దిగితే మాట ఏరులా వచ్చేది. నాడె ఇటు నుంచి అటు పోతే ఒక మాట, నూలు బిగించే అచ్చు కొడితే ఒక మాట. "ఎల్లుండి – సంతకు – నేనూ – వస్తా – వదినా." ఆ తూగులో ఎంతసేపైనా మాట్లాడేవాడు, ఎగతాళి చేసేవాడు, పద్యాలు కూడా పాడేవాడు. మగ్గం ఆగితే మాటా ఆగేది. మొన్న సుజన చెప్పింది, తాళానికి మాట కలిపితే నత్తి కాసేపు కనబడదట, తాళం ఆగితే మళ్ళీ వస్తుందట, అది నయం కావడం కాదట. మాకప్పుడు అదేమీ తెలియదు. మగ్గం గుంటలో దేవుడున్నాడు, కూర్చున్నంతసేపూ కొడుకు నాలుక మీద నిలబడతాడు అని జేజి నమ్మకం. అందుకే చిన్నాయనతో పని ఉన్నవాళ్ళంతా మగ్గం దగ్గరికే వచ్చేవాళ్ళు. నూలు షావుకారు గట్టు మీద చతికిలబడి బేరం చేసేవాడు. జాతర చందా వాళ్ళు కూడా అక్కడే నిలబడి అడిగేవాళ్ళు.

చిన్నాయనకు ఇరవై నాలుగేళ్ళొచ్చినా పెళ్ళి కుదరలేదు. రెండు సంబంధాలు వచ్చి, పిల్లవాడి నోట మాట విని, కాఫీ కూడా పూర్తిగా తాగకుండా వెళ్ళిపోయారు. మూడోది కౌతాళం నుంచి వచ్చింది. వాళ్ళూ నేతవాళ్ళే. ఇంట్లో కన్నడం, బయట తెలుగు. పిల్ల పేరు గంగమ్మ, నాకంటే రెండేళ్ళు పెద్ద. మా ఇంటి పద్ధతి ఏమిటంటే పిల్లను మగపిల్లవాడి ఇంటికే పిలిపించి, రాట్నం ముందు కూర్చోబెట్టి కండెలు చుట్టించి చూడాలి. పాట పాడించడం, నడిపించి చూడడం మాకు లేవు. నూలు తెగకుండా, గట్టిగా, సమంగా చుట్టిందా లేదా అన్నదే చూపు. మా అమ్మనూ అలాగే చూశారు.

ఈసారి జేజి గట్టి ఏర్పాటు చేసింది. వియ్యంకుడు వచ్చేసరికి చిన్నాయన మగ్గంలో ఉండాలి, మాటలన్నీ అక్కడే జరగాలి. కాని దానికో చిక్కుంది. నేస్తుంటే కండెలో నూలు అయిపోతుంది, ఆపి ఇంకో కండె పెట్టుకోవాలి. ఆగితే మాట ఆగుతుంది. లేదా నూలు తెగుతుంది, అప్పుడూ ఆగాలి. జేజి ముక్కుపొడుం పీల్చి కాసేపు ఆలోచించి తేల్చేసింది. "ఉత్త నాడె ఆడించరా. నూలే లేకపోతే తెగేదేముండాది, అయిపోయేదేముండాది?" మా నాయన నసిగాడు. తాత కళ్ళు మూసుకుని గుడ్డ తడుముతూ ఉండిపోయాడు. చిన్నాయన ఏదో చెప్పబోయాడు. "సరే అంటాండాడు," అని జేజి పూర్తి చేసింది.

వాళ్ళు వచ్చారు. గంగమ్మ తండ్రి పొట్టిగా, పెద్ద తలపాగాతో, వచ్చినప్పటి నుంచి మగ్గాల వైపే చూస్తున్నాడు. గట్టు మీద కూర్చుని చిన్నాయనను వరసగా ప్రశ్నలడిగాడు. నేత సంగతి, నూలు ధర సంగతి, కౌతాళం కాలవ నీళ్ళ సంగతి. చిన్నాయన కాళ్ళు ఆడుతున్నాయి, నాడె ఎగురుతోంది, జవాబులు జాలువారుతున్నాయి. "కాలవొస్తే – వరి – మీకు. వానొస్తే – గంజి ఆరదు – మాకు." గంగమ్మ తండ్రి తొడ చరుచుకుని నవ్వాడు. "మాటకారి దొరికినాడు గదప్పా!" అన్నాడు. జేజి ముఖం వెలిగిపోయింది.

ఇటు రాట్నం దగ్గర గంగమ్మ, పక్క రాట్నం దగ్గర నేను. ఆమె నాకంటే వేగంగా చుడుతోంది. చుట్టిన కండెలు గంపలో వేస్తోంది. చాలాసేపు అలా వేసి గంపలోకి చూసింది. తర్వాత మగ్గం వైపు చూసింది. మళ్ళీ గంపలోకి చూసింది. చెంగు దులుపుకుని లేచి, ఎవరూ పిలవకుండానే మగ్గం పక్కకు వెళ్ళి నిలబడింది.

"నేను చుట్టిన కండెలన్నీ గంపలోనే ఉండాయి," అంది. "గుడ్డ వేలెడు గూడ పెరగలే. మరి ఈయప్ప ఇంతసేపట్నుంచి ఏం నేస్తాండాడు?"

"ఏమ్మే, గమ్మునుండు," అన్నాడు తండ్రి.

"నేనేమంటి నాయనా? నాడె సూడు. ఉత్తది."

జేజి తడుముకోకుండా అంది: "కొత్త నాడె తల్లీ. అలవాటు చేస్తాండాడు."

"కొత్తదా! మూతి అరిగి నున్నగైపోయిండాది." గంగమ్మ వంగి చిన్నాయన ముఖంలోకి చూసింది. "మగ్గం దిగి సెప్పు. నీ పేరేమి?"

మగ్గం ఆగింది. చిన్నాయన గుంటలోంచి కాళ్ళు పైకి తీసి, గట్టెక్కి, పంచె సర్దుకుని నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మెడ బిగుసుకుంది, కన్ను సగం మూసుకుంది. మాట రాలేదు. మా నాయన ముందుకు వంగాడు. జేజి ఆగలేక "నాగప్ప తల్లీ, నాగప్ప" అనేసింది.

గంగమ్మ ఆమె వైపు తిరిగి చెయ్యి అడ్డం పెట్టింది. "నిన్నడగలేదు అత్తా. ఆయప్పనడిగితి."

ఎవరికీ తోచలేదు గాని, నేను మాత్రం గమనించాను. పిల్ల అప్పటికే అత్తా అనేసింది.

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో చెప్పలేను. వీధిలో పక్కింటి మగ్గాలు ఆడుతున్నాయి. మేకపిల్ల ఒకటి వాకిట్లోకి వచ్చి గంజి కుండ వాసన చూసి పోయింది. గంగమ్మ మాత్రం చిన్నాయన ముఖంలోంచి చూపు తిప్పలేదు. తొందరా లేదు, జాలీ లేదు, బస్సు కోసం నిలబడ్డ మనిషిలా నిలబడింది. చివరికి ఆయన "నా... నా... నాగప్ప" అన్నాడు. చెమటతో తడిసిపోయాడు. గంగమ్మ "ఊఁ" అని తల ఊపి, తండ్రితో కన్నడంలో "నంగ ఒప్పిగి ఐతి" అంది, నాకిష్టమే అని. వెళ్ళి మళ్ళీ రాట్నం ముందు కూర్చుంది.

పెళ్ళయ్యాక ఒకసారి అడిగాను, నత్తి అని తెలిసీ ఎట్లా ఒప్పుకున్నావు పిన్నమ్మా అని. చాటలో జొన్నలు చెరుగుతూ తలెత్తకుండా చెప్పింది. "మాట ఆగితే ఆగనీ పాపా, యాడికి పోతాది? దొంగనేత నేసే ఇంట్లో ఎట్ల బతికేదని భయపడితి. దిగమంటే దిగినాడు, పేరు సెప్పినాడు. సాలు."

ఆమె కాపరానికొచ్చాక ఇంట్లో మాటలందించడం బందైంది. చిన్నాయన నోరు తెరిస్తే అందరూ ఆగాల్సిందే. జేజి మొదట్లో సణిగేది, "ఈ పిల్ల వచ్చినప్పట్నుంచి ఈ ఇంట్లో కూడు సల్లారిపోతాంది" అని. నిజంగానే చల్లారిపోయేది. అంగడికి వెళ్తే షావుకారు ఆమెను అడిగేవాడు, మీ ఆయనకేం కావాలని. "ఆయన పక్కనే ఉండాడు గదప్పా, ఆయన్నే అడుగు," అనేది. చిన్నాయన నత్తి పోలేదు. ఈనాటికీ ఉంది. కాని నిమ్మకాయ ఊరగాయ కావాలంటే నిమ్మకాయ ఊరగాయే దొరికేది.

నేను తర్వాత ఉద్యోగానికి ఆదోని వచ్చాను, ఇక్కడే పెళ్ళయింది. ఎక్స్ఛేంజిలో రోజంతా గొంతులు. పత్తి ధరల కోసం అరిచే దళారులు, ఆసుపత్రి నుంచి ఏడ్చేవాళ్ళు, ట్రంకాల్ కలిపాక ఏమీ మాట్లాడలేక ఊపిరి మాత్రం పీల్చేవాళ్ళు. లైను చచ్చిపోయిన నిశ్శబ్దం వేరు, అవతల మనిషున్న నిశ్శబ్దం వేరు. మొదటిది మొద్దుగా ఉంటుంది. రెండోదానిలో ఒక గది ఉంటుంది. అది పని నేర్పిన తేడా.

పిన్నమ్మ ముందటేడు పోయింది. ఎమ్మిగనూరు ఇంట్లో మగ్గాల గుంటలు ఎప్పుడో పూడ్చి, పైన నాపరాళ్ళు పరిచారు. చిన్నాయనను మేము ఆదోనికి తెచ్చుకున్నాం. సుజన ఈ చదువు ఎంచుకున్నది ఆయన వల్లే. డిగ్రీలో ఉండగా ఒకసారి ఆయనకు చికిత్స చేస్తానంది. "ఈ... ఈ... ఈ వయసులో నాకెందుకులే, సి... సిన్నోళ్ళకు సెయ్యి" అని ఆయన నవ్వేశాడు.

ఆదివారం ఉగ్గాని పళ్ళేలు తీసేశాక కూడా ఏమీ తేలలేదు. నేను చెప్పాను. "కాలేజీ వాళ్ళ కాగితాల్లో అన్నీ మంచిగానే ఉంటాయి. ఆడ ఇప్పుడు సదివే పిల్లలతో మాట్లాడితే తెలుస్తాది. నెంబర్లు ఇచ్చినారు గదా. చెయ్యండి." సుజన తన ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కింది.

హైదరాబాదు కుర్రవాడు మొదటి రింగుకే ఎత్తాడు. చలాకీ పిల్లవాడు. సుజన ప్రశ్న అడిగేలోపే జవాబు చెప్పేవాడు. మిషన్లున్నాయి, పెద్ద ఆసుపత్రి, పసిపిల్లల వినికిడి పరీక్షలు బోలెడు, తెలుగు పేషెంట్లు రోజూ వస్తారు, ఉద్యోగం వెంటనే దొరుకుతుంది. అతను చెప్పినవన్నీ నిజమే అయివుంటాయి. "నత్తి ఉన్న పెద్దవాళ్ళతో పని..." అని సుజన అడగబోతే, "దానికి ఎక్కువమంది రారు, వచ్చినా రెండు సార్లొచ్చి మానేస్తారు" అన్నాడు. రఘు ఇక చాలన్నట్టు చేతులు దులుపుకున్నాడు.

మంగళూరుకు కలిపింది. ఎత్తినట్టు శబ్దమైంది. సుజన హలో అంది. అవతల ఏమీ లేదు. మళ్ళీ హలో అంది. ఏమీ లేదు.

"కట్టయింది. పెట్టెయ్," అని రఘు చెయ్యి చాపాడు.

"కట్ కాలే," అన్నాను. "మనిషుంది. ఉండు."

అవతల ఫ్యాను తిరుగుతున్న సన్నని చప్పుడు. దాని మధ్యలో ఎవరో ఊపిరి పట్టి వదులుతున్నారు. కిటికీ దగ్గర చిన్నాయన కుచ్చులు పేనడం ఆపేశాడు. కొంతసేపటికి ఆడపిల్ల గొంతు వచ్చింది, కన్నడంలో. "న... న... నమస్కార. నా పేరు ర... ర... రశ్మి. రెండో సంవత్సరం. నాకు నత్తి ఉంది, ఫోన్లో కొంచెం ఎక్కువ. మీకు టైముందా?"

మాకు కన్నడం అందరికీ వచ్చు. సుజన నవ్వుతూ "ఆదివారమే గదక్కా, శానా ఉంది" అంది.

బసన్న ఉండబట్టలేకపోయాడు. తనూ కన్నడంలోనే అందుకున్నాడు. గుసగుస అనుకున్నాడేమో గాని ఆయన గుసగుస కూడా మార్కెట్ యార్డు గుసగుసే. "నత్తి మాన్పే సదువు సదివేటోళ్ళకే నత్తుంటే ఇంగేం మాన్పుతారప్పా! బట్టతలాయన జుట్టునూనె అమ్మినట్ల."

రఘు ఆయన మోకాలు నొక్కాడు. లలిత చిన్నాయన వైపు చూసి తల దించుకుంది. స్పీకరు తెరిచే ఉంది.

అవతల మళ్ళీ ఆ నిశ్శబ్దం. తర్వాత రశ్మి అంది: "అ... అ... అణ్ణా, కళ్ళజోడు పెట్టుకున్న క... కంటి డాక్టరు దగ్గరికి మీరు పోరా?"

అందరికంటే ముందు నవ్వింది చిన్నాయన. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేలా నవ్వాడు. బసన్న తన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని "ఓడిపోతినమ్మా" అన్నాడు.

సుజన అప్పుడు కుర్చీ దగ్గరగా లాక్కుని, పొద్దుటి నుంచి లోపలే దాచుకున్న ప్రశ్న అడిగింది. "క్లినిక్‌లో పేషెంటు ముందర నీకు మాట ఆగిపోతే మీ మేడం ఏం చేస్తుందక్కా?"

"కూర్చుంటుంది," అంది రశ్మి. ఆమె మాట ఆగిన చోట్లన్నీ ఇక్కడ రాయను, వాటన్నిటికీ మేము ఆగాం. "నా బదులు మాట్లాడదు. మొదట్లో నాకు కోపమొచ్చేది, ఒక మాట అందించొచ్చు కదా అని. తర్వాత పేషెంట్లే అన్నారు, నువ్వు ఆగి మళ్ళీ మాట్లాడడం చూస్తే మాకు ధైర్యంగా ఉంది అని. శనివారం శనివారం నత్తి ఉన్న పెద్దవాళ్ళు వస్తారు. బస్సు కండక్టరు, లాయరు, చేపలమ్మే ఆమె. కాని ఒకటి చెప్తాను. ఇక్కడ మిషన్లు పాతవి. వాన నిజమే. తెలుగు పేషెంటు ఒక్కరూ రారు. మీ ఊరెళ్ళి తెలుగులో పనిచేయాలంటే నీకు నువ్వే మళ్ళీ మొదలుపెట్టుకోవాలి. అది ఆలోచించుకో. రేపు పొద్దున ఫోన్ చేస్తాను, ఏమైనా అడగాలంటే అడుగు."

ఫోన్ పెట్టాక రఘు వెంటనే అన్నాడు. "ఆ పిల్లే సెప్పింది గదమ్మా. తెలుగోళ్ళే రారంట. ఆడ సదివి ఈడకొచ్చి ఏం చేస్తావు? హైదరాబాదులో అయితే..."

"హైదరాబాదు తెలుగు, మన తెలుగు ఒకటేనా నాన్నా? పోయినేడు మేము ట్రైనింగుకు పోయిన హైదరాబాదు ఆసుపత్రికి కౌతాళం పిల్లోడొచ్చి బొమ్మ సూసి 'ఆవు యాడుండాది' అంటే ఆడుండేటోళ్ళు నవ్విరి. ఆడైనా నేను మొదలుపెట్టుకోవాల్సిందే."

"సరే. నేను బాగా ఆలోచించి రేపు పొద్దున సెప్తా."

"నువ్వు సెప్పేది గాదు నాన్నా," అంది సుజన. గొంతు పెంచలేదు. "నేను సెప్పాల. రేపు పొద్దున నేనే సెప్తా."

రఘు చెడ్డవాడు కాదు. ఒక్కతే కూతురు, రెండు రైళ్ళు మారి పోవాల్సిన ఊరు. వాడి భయం వాడిది. బసన్నను సాగనంపడానికి గేటు దాకా వెళ్ళి, అక్కడే చాలాసేపు నిలబడ్డాడు.

సాయంత్రం డైరీ రాస్తూ ఆలోచించాను. మా కాలంలో నత్తికి వసకొమ్ము ఉండేది, గులకరాయి ఉండేది, దాచడానికి ఉత్త నాడె ఉండేది. ఇప్పుడు దానికో చదువుంది, రెండేళ్ళు కూర్చుని నేర్చుకోవాలి. సుజన పుస్తకాలు నాకు సగం అర్థం కావు. కాని వాటిలో అన్నిటికంటే పెద్ద అక్షరాలతో రాసుండే నియమం ఒకటుంది, ఎదుటివాడి మాట నువ్వు పూర్తి చెయ్యకు అని. అది గంగమ్మ పిన్నమ్మ ఎక్కడా చదవలేదు. ఆమె ఒకరి కోసం చేసింది, ఆ ఒకరు బాగుపడ్డారు. ఎమ్మిగనూరులో ఇంకెందరు చిన్నాయనలు ఊరికే తల ఊపి నీళ్ళు తాగి లేచిపోయారో ఎవరికి తెలుసు? తెలిసినది పదిమందికి నేర్పడానికి బడి ఒకటి ఉండడం మా కాలానికీ ఈ కాలానికీ తేడా. మంచి తేడా అనే అనుకుంటున్నాను. అయితే ఆ బడిలో ఎవరు కూర్చోవాలో నిర్ణయించేటప్పుడు మాత్రం మేమంతా ఇంకా మా జేజి పద్ధతిలోనే ఉన్నాం.

మరునాడు, సోమవారం. పొద్దున నేను లేచేసరికి వెనక వాకిట్లో అరుగు మీద సుజన, చిన్నాయన కూర్చుని కాఫీ తాగుతున్నారు. ఇద్దరూ చాలాసేపటి నుంచే మాట్లాడుకుంటున్నట్టున్నారు, చేతిలో కాఫీ మీగడ కట్టింది. నేను దగ్గరికి వెళ్ళలేదు. తర్వాత సుజన స్నానానికి వెళ్ళింది. రఘు అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. హాల్లో సుజన ఫోన్ మోగింది.

మోగి మోగి ఆగిపోతుందనుకున్నాను. ఆగింది, కాని ఊరికే ఆగినట్టు లేదు. తొంగి చూస్తే చిన్నాయన ఫోన్ ముఖం ముందు పట్టుకుని నిలబడి ఉన్నాడు. జన్మలో ఆయన ఫోన్లో మాట్లాడగా నేను చూడలేదు. ఎమ్మిగనూరులో ఫోనంటే పిన్నమ్మే, ఆమె పోయాక నేనే. తెర మీద పేరు కనబడుతోంది, రశ్మి. ఇటు చిన్నాయన నోరు తెరిచి నిలబడ్డాడు. అటు నుంచీ ఏమీ వినబడడం లేదు. ఆ పిల్ల హలో అనడానికి ప్రయత్నిస్తోంది కాబోలు. ఇద్దరూ ఇద్దరి కోసం ఆగారు.

రఘు సగం గీసిన గడ్డంతో వచ్చి "తాతా, ఇట్లియ్యి" అంటూ చెయ్యి చాపబోయి, నన్ను చూసి, మళ్ళీ ఆయన్ను చూసి, ఆ చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని గోడకు ఆనుకున్నాడు. తడి జడతో సుజన వచ్చి గడపలో ఆగి, ఆయన తన వైపు చూస్తే 'నువ్వే సెప్పు' అన్నట్టు చెయ్యి చూపింది. అటు నుంచి సన్నగా ఒక హలో వినబడింది, ముక్కలు ముక్కలుగా. చిన్నాయన తల ఊపాడు, అవతలివాళ్ళకు కనబడుతుందన్నట్టు. మెడ బిగుసుకుంది. కన్ను సగం మూసుకుంది. మేము ముగ్గురం కదలలేదు.

"బ... బ... బర్తాళమ్మా," అన్నాడు కన్నడంలో, వస్తుందమ్మా అని. "మా పి... పిల్ల. మంగళూరికే బర్తాళ."